టైల్స్ వేసే ముందు నేల కింద నీళ్ల సంగతి చూడండి



శనగలు అమ్ముకుని చేతిలో నాలుగు రూపాయలు ఆడే ఈ ఎండాకాలంలోనే మన ఊళ్లలో ఇంటి రిపేర్లు మొదలవుతాయి. అందరి చూపూ వసారా టైల్స్ మీదనే. వద్దనను. కానీ చెమ్మ ఉన్న నేల మీద మాత్రం వేయొద్దు. నేను వేసి దెబ్బ తిన్నా, అందుకే రాస్తున్నా.

మాది నల్లరేగడి. మా నాయన కట్టిన ఇల్లు, వసారాలో బేతంచెర్ల నాపరాళ్లు. వానలు పడితే బండల సందుల్లో తెల్లగా ఉప్పు పూసేది. రెండు మూడు బండలు కుంగినాయి కూడా. మూడేళ్ల కిందట వాటి మీదనే సిమెంటు పరిచి టైల్స్ వేయించినా. మేస్త్రీ "ఇంక చెమ్మ రాదన్నా" అన్నాడు. నాకూ ఆ మాటే వినాలని ఉంది, నమ్మినా.

మొదటి ఏడాది అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి టైల్స్ తడితే కుండ మోగినట్టు డొల్ల శబ్దం. అమ్మ ఒకసారి జారి మోచేయి కొట్టుకుంది. ఆ సంవత్సరమే విత్తనానికని దాచిన ఆరు బస్తాల శనగలు అక్కడ గోడకు ఆనించి పేర్చినాం, కింద మూడు, పైన మూడు. టైల్స్ కదా, పొడిగానే ఉంటుందిలే అనుకుంటిమి. అక్టోబరులో విత్తడానికి తీస్తే పైవి బాగానే ఉన్నాయి. కింది మూడూ బూజు, ముక్కిన వాసన. సంచి అడుగు చేతిలోకి ఊడొచ్చింది. తడిగుడ్డలో వంద గింజలు కట్టి చూస్తే సగం కూడా మొలవలేదు. శనగ విత్తనంలో తేమ 9 శాతం మించకూడదు. కళ్లంలో ఎంత ఎండబెట్టినా ఏం లాభం, నేల నుంచి గింజ మళ్లీ తాగేస్తుంటే?

అసలు ఆ నీళ్లు యాడనుంచి వచ్చినాయి? వీధిలో నుంచి. నా చిన్నప్పుడు వీధి నుంచి వసారాలోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు ఒకటే మిగిలింది. పాత రోడ్డు తీయకుండా దాని మీదనే రోడ్డు పోసుకుంటూ వచ్చినారు. మన బేస్‌మెంటు అక్కడే ఉంది, వీధి పైకొచ్చింది. వాన నీళ్లు, వాడుక నీళ్లు పునాది పక్కనే నిలుస్తున్నాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టు మట్టి ఆ నీళ్లను పైకి లాగుతుంది. పైన టైల్స్ బిగిస్తే ఆరే దారి మూసుకుపోయి చెమ్మ గోడెక్కుతుంది. మా గోడకు రెండడుగుల ఎత్తు దాకా సున్నం రాలింది టైల్స్ వేసినాకనే. రోడ్డు కావాల్సిందే, కాదనను. పాతది తవ్వి తీసి అదే ఎత్తులో వేయమని గ్రామసభలో మనమే గట్టిగా అడగాలి. పోసేసినాక మొత్తుకుంటే ఎవరు వింటారు?

మీ ఇంట్లో సంగతి తెలుసుకోవాలంటే మూరెడు ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు అడుగున నీటి చుక్కలు పడితే చెమ్మ కింద నుంచి వస్తున్నట్టు. పైన పడితే అది గాలిలో తేమ. ఎండాకాలంలో చూస్తే మోసపోతాం, వానల్లోనే చూడాలి.

మన తాతలు జొన్నలను భూమి లోపల పాతరలోనే దాచినారు. కానీ మెరక చూసి తవ్వేవాళ్లు, అడుగునా పక్కలా గడ్డి మందంగా పరిచి గింజను మట్టికి తగలనిచ్చేవాళ్లు కాదు.

బస్తాల కింద చెక్కలు వేస్తే పోదా, ఇంత తవ్వకం ఎందుకని మా తమ్ముడు అడిగినాడు. ఈ ఏటికి అదే చేయండి, తప్పులేదు. నాలుగంగుళాల ఎత్తు చెక్కలు వేసి, గోడకు అడుగున్నర ఎడంగా పేర్చండి. గింజ దక్కుతుంది. గోడ మాత్రం నానుతూనే ఉంటుంది.

నేను సగం వసారా తీసేసి మళ్లీ చేయించినా. ముందు బయట, గోడకు ఆనుకున్న మట్టి తీయించి వీధికీ గోడకూ మధ్య చిన్న కాలువ కట్టించినా. ఇది చేయకుండా లోపల ఎంత పోసినా దండగే. లోపల నల్లమట్టి అడుగున్నర తీయించినా, అది తడికి ఉబ్బి ఎండకు కుంగే మట్టి కాబట్టి. పునాది అడుగు కంటే లోతుకు మాత్రం పోవద్దు, గోడకే ప్రమాదం. ఆ గుంతలో గరుసు అరడుగు చొప్పున తడిపి దిమ్మిస కొట్టించినా. దాని మీద ఇసుక కలపని 40 ఎంఎం కంకర నాలుగంగుళాలు. రాళ్ల మధ్య ఖాళీ ఉంటే నీళ్లు పైకి ఎక్కలేవు. కంకర మీద పలచగా డస్టు చల్లి, మందపాటి ప్లాస్టిక్ షీటు చిల్లు పడకుండా పరిచి, అతుకు దగ్గర ఒక అడుగు ఒకదాని మీదొకటి వచ్చేటట్టు వేసినాం. ఆపైన నాలుగంగుళాల కాంక్రీటు, ఐదడుగులకు అంగుళం చొప్పున బయటికి వాలు. వారం రోజులు తడిపి, ఆరినాక పాత నాపరాళ్లే కడిగి పరిపించినా. పోయిన వానాకాలం అక్కడ ఉప్పు పూయలేదు.

మిగతా సగానికి ఈ వారం కంకర తోలిస్తున్నా. చూడాలనుకున్నోళ్లు షీటు పరిచే లోపల మా ఇంటికి రండి. కాంక్రీటు పోసేసినాక కింద ఏముందో ఎవరికీ కనబడదు.