నలభైమూడో నంబరు

యీ యేడు మే నెలలో ఒక ఆదివారం రాత్రి మా యింట్లో పొయ్యి వెలిగించే వోపిక యెవరికీ లేకపోయింది. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి. నాకేమో దిద్దవలసిన జవాబు పత్రాల కట్ట. "యీ పూటకు హోటలు భోజనమే గతి" అంటూ మావారు ఫోనులో యేదో పురమాయించారు. తార్నాకలో మా సందు చివరి దీపం వెలగక చాలా కాలమైంది. అంచేత పొట్లం తెచ్చే కుర్రవాడికి దారి చూపడానికి నేనే గేటు దాకా వెళ్ళాను. బండి దిగి సంచీ అందించబోతూ నా ముఖం చూసిన ఆ అబ్బాయి గబుక్కున రెండడుగులు వెనక్కు వేశాడు.

"నమస్తే మేడమ్" అన్నాడు, హెల్మెట్ తీసి.

"నేను నీకు తెలుసా, బాబూ?"

"మీ క్లాసులనే వుంటి మేడమ్, ఫస్టియర్ల. నలభైమూడో నంబరు."

నంబరు చెప్పాడు; పేరు చెప్పలేదు. యెందుకు చెబుతాడు? తరగతిలో నేను అతణ్ణి పిలిచింది నంబరుతోనే గదా!

లోపలికి రమ్మంటే, యింకో పొట్లం యివ్వాలని వెళ్ళబోయాడు. మర్నాడు పొద్దున యెండ ముదరకముందే యూనివర్సిటీకి వస్తానని మాట తీసుకున్నాక గాని వదిలిపెట్టలేదు. ఆ రాత్రి భోజనం నాకు సహించలేదు. బీరువాలో వున్న పోయినేటి హాజరు పట్టీ తీసి చూశాను. నలభైమూడో గడిలో మొదట అన్నీ 'పి'లే. తరువాత అక్కడొకటి, యిక్కడొకటి 'ఏ'. దసరా సెలవుల తరువాత వరసగా పదిహేడు 'ఏ'లు, అన్నీ నా చేతివ్రాతతోనే. ఆ పైన యెర్రసిరా గీత. నంబరు పక్కనే పేరు కూడా వుంది, చక్కగా అచ్చులో. నేనే యెన్నడూ చదవలేదు.

మర్నాడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని అతను చెప్పిన సంగతి విన్నాను. మహబూబ్‌నగర్ వైపు పల్లె. తండ్రిది కొద్దిపాటి మెట్ట సేద్యం. ఇంటర్ దాకా తెలుగులోనే చదివి మంచి మార్కులతో ప్యాసయ్యాడు. మన రాష్ట్రంలో 2016 నుంచి డిగ్రీ సీట్లు చాలావరకు 'దోస్త్' అనే ఏర్పాటు ద్వారా కంప్యూటరులోనే యిస్తున్నారు గదా! యింట్లో కంప్యూటరు లేదు గనుక నెట్ సెంటరు అబ్బాయే యీ పిల్లవాడి కాలేజీలూ, కోర్సులూ యెంచిపెట్టాడు. "బీకాం కంప్యూటర్స్ తీసుకో, జాబు వస్తది" అన్నాడట. అలా వచ్చి పడ్డాడు పట్నంలో, చిన్నాయన కొడుకు గదిలో.

తరగతిలో అన్నీ ఇంగ్లీషులోనే. అకౌంట్సు మాస్టారు 'క్రెడిట్' అంటే జమ అన్నారు. నోటీసు బోర్డు మీదేమో, రెండో సంవత్సరానికి పోవాలంటే యిన్ని 'క్రెడిట్లు' వుండాలని వ్రాసి వుంది. అంత డబ్బు యెక్కడినుంచి తేవాలా అని రెండు రోజులు నిద్రపోలేదట! 'ఇంటర్నల్ ఎగ్జామ్' అని బోర్డు పెడితే, అది లోపల వుండేవాళ్ళకు, అంటే హాస్టలు పిల్లలకు గాబోలు అనుకుని, గదిలో కూర్చుని చదువుకున్నాడట. పరీక్ష అయిపోయిన మర్నాడు తెలిసింది అది అందరికీనని. అడిగితే నవ్వుతారని నోరు మూసుకున్నాడు. స్కాలర్‌షిప్పు కాగితాల్లో ఒకటి తక్కువైంది. అది యే ఆఫీసులో యివ్వాలో తెలియలేదు. గది అద్దె వచ్చిపడింది. దసరాకు యింటికి వెళ్ళి, తిరిగి హైదరాబాదుకైతే వచ్చాడు, కాలేజీకి రాలేదు.

"యెవరినైనా అడగలేకపోయావా నాయనా?" అన్నాను.

"ఏమని అడగాలె మేడమ్? ఏం తెల్వదో అదే తెల్వకపాయె" అన్నాడు.

యీ మాటకు నా దగ్గర జవాబు లేదు. అతని టైంటేబిలులో ఆరేడు సబ్జెక్టులుంటే, సొంతభాషలో నోరు విప్పగల పీరియడు ఒక్క నాదే. తెలుగు పాఠం చెప్పే నేనైనా "బాబూ, నిన్న రాలేదేం?" అని ఒక్కసారి అడిగి వుండవచ్చు గదా! ఛందస్సులో గణాలు తప్పితే పట్టుకుంటాను. తరగతిలో మనిషి తప్పిపోతే పట్టించుకోలేదు.

అధ్యాపకులం ఒక మాట తరచు అంటూ వుంటాము: "కావలసినవాడు వచ్చి అడుగుతాడు." పైకి న్యాయంగానే వుంటుంది. కాని అడగడం కూడా ఒక విద్య. అది యింట్లో అబ్బుతుంది. మా అమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు సెమిస్టరంటే యేమిటో, బ్యాక్‌లాగంటే యేమిటో, హాజరు తగ్గితే యేమవుతుందో అన్నం తింటూ నేర్చుకుంది. యింట్లో యిద్దరం డిగ్రీలు చదివినవాళ్ళమాయె. దానికి సందేహం వస్తే నా కొంగు పట్టుకుని అడుగుతుంది. తమ వంశంలో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లవాడు యెవరి కొంగు పట్టుకోవాలి? తెలివి యిద్దరికీ సమానమే. తేడా వున్నది భోజనాల దగ్గర జరిగే కబుర్లలో.

మా విశ్వవిద్యాలయం కథే చూడండి. ఉస్మానియా 1918లో వెలిసింది. దేశభాషలో పై చదువులు చెప్పాలన్నది దాని సంకల్పం. ఆ భాష ఉర్దూ. అయితే విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖను నెలకొల్పారు. శాస్త్రాలకూ, చరిత్రకూ పుస్తకాలు కావాలి, పరిభాష కావాలి, అవి పిల్లలు రాకముందే సిద్ధం కావాలి అనుకున్నారన్నమాట. తరగతులు మొదలైనప్పుడు విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. అంటే ఒక్కొక్కరికి తొమ్మిదిమంది పిల్లలు! కాలేజీ అప్పుడే తెరిచారు గనుక విద్యార్థులంతా కొత్తవాళ్ళే. చూసుకోవడానికి పై తరగతులే లేవు.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. ఆ ఉర్దూ మన తెలుగు పల్లెల పిల్లలకు యింటి భాష కాదు. 1948 తరువాత ఇంగ్లీషు వచ్చింది. అదీ యింటి భాష కాదు. డిగ్రీ చదువుకు తెలుగులో పుస్తకాలు వ్రాయించాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. కొన్నేళ్ళు యెంతోమంది ఆ పుస్తకాలతోనే గట్టెక్కారు. యిప్పుడు గాలి మళ్ళీ ఇంగ్లీషు వైపు తిరిగింది. తిరిగితే తిరగనివ్వండి, ఇంగ్లీషు వద్దని తెలుగు టీచరునైన నేనే అనడం లేదు. కాని ఒక భాష గట్టునుంచి యింకో భాష గట్టుకు పిల్లవాడు దాటేది సరిగ్గా డిగ్రీ మొదటి సంవత్సరంలో. ఆ చోట పడవ లేకపోతే యెలా? ఇంగ్లీషు బోధించేవారికి బోధన నేర్పే సంస్థ 1958 నుంచి మన క్యాంపసును ఆనుకునే వుంది. యిప్పుడదే ఒక విశ్వవిద్యాలయం. దాని గోడ పక్కనుంచే నా నలభైమూడో నంబరు రోజూ బస్సులో వెళ్ళేవాడు.

యీ బాధ మన వూరికే పరిమితం కాదు సుమండీ. అమెరికాలో రెండేళ్ళ చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీలున్నాయి. వాటిలో మొదటి ప్రభుత్వ కాలేజీని 1901లో షికాగో దగ్గర జోలియెట్‌లో పెట్టారు. వాటిలో చేరేవాళ్ళలో చాలామంది మన పిల్లల వంటివారే: పనిచేసుకుంటూ చదివేవారు, యింట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవారు. అక్కడా మొదటి యేడే పిల్లలు జారిపోతారు. విన్సెంట్ టింటో అనే ఆచార్యుడు 1987లో దీనిమీద ఒక గ్రంథమే వ్రాశాడు. కాలేజీ విడిచిపోవడానికి కారణం తెలివి తక్కువ కావడమొక్కటే కాదు, ఆ కాలేజీలో తనకొక చోటుందన్న నమ్మకం కుదరకపోవడం కూడా అని అతని వాదన.

న్యూయార్కు నగరంలో 2007లో దీనికి ఒక మందు కనిపెట్టారు. పేరు 'అసాప్'. కొత్త విద్య యేమీ లేదు అందులో. ఒక్కొక్క సలహాదారుకు కొద్దిమంది పిల్లలనే అప్పగించారు. వాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగకుండా ఆయనే తరచు పిలిచి మాట్లాడాలి. పుస్తకాల ఖర్చు యిచ్చారు. బస్సుకూ, రైలుకూ పాసు యిచ్చారు, అదీ సలహాదారును కలుస్తూ వుంటేనే! చదువులో వెనకబడిన సుమారు 900 మంది బీద విద్యార్థులను తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకే యీ సహాయం అందించి చూశారు. మూడేళ్ళకు మామూలు జట్టులో నూటికి 22 మంది పట్టా పుచ్చుకుంటే, యీ జట్టులో 40 మంది పుచ్చుకున్నారు. ఖర్చు యెక్కువే. కాని ప్యాసైన ఒక్కొక్కరికి యెంత పడిందో లెక్కవేస్తే మామూలు కంటే తక్కువే తేలింది. తరువాత ఒహైయో రాష్ట్రంలో చేసి చూసినా అలాంటి ఫలితమే వచ్చింది.

మనకంత డబ్బు యెక్కడిది అంటారు. కొంత మన దగ్గరా జరుగుతూనే వుంది. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకు బస్సు ఉచితం. కొత్తగా చేరినవారికి కాలేజీ అలవాటు చేయాలని యు.జి.సి. 2019లో 'దీక్షారంభ్' అని ఒక పద్ధతి సూచించింది. సూచన మంచిదే. కాని చాలాచోట్ల అది ఒక పూట సభ, పూలగుత్తులు, ముఖ్య అతిథి ఉపన్యాసంతో ముగిసిపోతుంది. మొదటిరోజు చెప్పిన సంగతి పిల్లవాడికి నలభయ్యో రోజున కావాలి. అప్పుడు చెప్పేవారుండరు.

జూలైలో కొత్త తరగతులు మొదలైనప్పుడు మేము నలుగురు అధ్యాపకులం కలిసి ఒక చిన్న ప్రయత్నం చేశాము. మొదటి ఆరు వారాలు నంబరుతో పిలవకూడదు, పేరుతోనే హాజరు. యిందుకు నాకు రోజూ ఐదు నిమిషాలు యెక్కువ పట్టింది, అంతే. రెండోది, మాటల పట్టీ. సెమిస్టర్, క్రెడిట్, ఇంటర్నల్, బ్యాక్‌లాగ్, బోనఫైడ్, అసైన్‌మెంట్ వంటి ముప్ఫయి మాటలకు తేటతెలుగులో అర్థం వ్రాసి, యే కాగితం యే కిటికీ దగ్గర యివ్వాలో కూడా చేర్చి, ఒక్క కాగితం మీద అచ్చువేయించి పంచాము. మూడోది, వరసగా మూడురోజులు రానివారికి ఆ సాయంత్రమే ఫోను. తిట్టడానికి కాదు, "బాగున్నావా, భోజనం చేశావా?" అని అడగడానికి. నాలుగోది, అయిదుగురు కొత్తవారికి రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు తోడు.

గొప్ప విజయం సాధించామని చెప్పను. ఫోను చేస్తే యెత్తనివారున్నారు. యెత్తి "యిక రాను మేడమ్" అన్నవారూ వున్నారు. ఒక అమ్మాయికి పెళ్ళి కుదిరింది. మా మాటల పట్టీ దానికేం చేస్తుంది? కాని దసరా సెలవుల తరువాత తరగతిలో అడుగుపెట్టినప్పుడు వెనక బెంచీలు పోయినేడంత ఖాళీగా లేవు.

యిది చదివే మీలో చాలామంది కాలేజీ చదువు యెరిగినవారే. మీ యింటి పైగదిలో అద్దెకుండే పిల్లవాడో, మీ పనిమనిషి కూతురో యీ యేడు డిగ్రీలో చేరి వుండవచ్చు. "మార్కులెన్ని వచ్చాయి?" అని వాళ్ళను అందరూ అడుగుతారు. మీరు మరోటి అడగండి: "యీ వారం కాలేజీలో అర్థంకాని మాట యేదైనా విన్నావా?" కాఫీ గ్లాసు చేతికిచ్చి అడగండి. మొదటిసారి యేమీ లేదంటారు. మూడోసారి చెబుతారు. మీ పిల్లలు హాస్టలులో వుంటే, "యెవరితో కూర్చుని తింటున్నావు?" అని అడగండి. ఒక్కడినే అని జవాబొస్తే, ఆ వారమే బస్సెక్కి వెళ్ళి చూసి రండి.

మొదటి పిల్లవాడి సంగతి చెప్పనేలేదు. మళ్ళీ చేరడానికి వున్న దారులు ఆ రోజు మెట్ల మీదనే చెప్పాను. మన హైదరాబాదులోనే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వుంది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో పుట్టింది. పనిచేసుకుంటూ అందులో చదువుకోవచ్చునన్నాను. "బాపు అప్పు తీరనియ్యుండ్రి మేడమ్, చూస్త" అన్నాడు. నేను బలవంతం చేయలేదు. ఆ అప్పు తీర్చేది నేను కాదు గదా!

పోయినవారం మళ్ళీ మా సందుకే వచ్చాడు, పక్కింటివారి పొట్లంతో. గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచాను. వెనక్కు తిరిగి నవ్వాడు. మాటల పట్టీ అచ్చువేశామని చెబితే చేయి చాచాడు.

"మా చెల్లె వచ్చే యేడు డిగ్రీల చేరుతది మేడమ్. రెండు ఇయ్యుండ్రి."

రెండోది యెవరికని నేను అడగలేదు. లోపలికి వెళ్ళి రెండు తెచ్చి యిచ్చాను.