మా డప్పు గేటు కాడనేనా?

కళా ప్రదర్శన అంటే ఇప్పటిదాకా మనం చూసిన తీరు ఒక్కటే. లోపల గోడకు అద్దాల ఫ్రేములు, కింద చిత్రకారుని పేరు, ధర. బయట గేటు కాడ మాదిగ డప్పు. మంత్రి కారు దిగేదాకా కొట్టాలె, దిగినంక పక్కకు జరగాలె. రిబ్బను కత్తిరించిన చేతికి శాలువా, చిర్ర పట్టిన చేతికి చాయ పైసలు!

మేం అడుగుతున్నం. తోలును పదును చేసి, గుండుకు బిగించి, మంట కాడ కాపి శ్రుతి తెచ్చే విద్య కళ కాదా? 2014లో తంగేడు పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసిండ్రు. మంచిదే. ఆ తంగేడు చెక్కతోనే లందలో తోలు ఊని, చెప్పులు, మోట బొక్కెనలు కుట్టిన చేతులకు ఏ గౌరవం దక్కింది?

చేర్యాల నకాషీలు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి ఎర్రటి నేల మీద బొమ్మలు గీస్తరు. డక్కలి కళాకారుడు మాదిగవాడకొచ్చి పటం విప్పి జాంబపురాణం చెప్తేనే ఆ బొమ్మలకు ప్రాణం. పటం మ్యూజియం చేరింది. కథ చెప్పినోడు ఊరి బయటనే మిగిలిండు. నకాషీ అన్నలతో మాకు తగువు లేదు, వాళ్లదీ చేతి కష్టమే. గీసే చేతిని, చెప్పే నోటిని విడదీసి అమ్ముకునేటోళ్లతోనే మా తగువు.

బిరుదులు ఇస్తున్నరు గదా అంటరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి బిడ్డ దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో ఆయన కూలిపని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చినయి. పతకం కడుపు నింపుతదా?

అందుకే కేసముద్రంలో మన కళామేళా జరగాలంటున్నం. పాత వరంగల్ జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి మానుకోట జిల్లాలో ఉంది. రైలుంది, మార్కెట్ యార్డుంది. పంట అమ్ముకునే కాడ కళ ఎందుకు అమ్ముకోవద్దు? ఎవలో పెడ్తరని చూసుడు బందుచేసి మనమే పెట్టుకోవాలె. పిలుపు వాడవాడకు, తండతండకు పోయి నోటితోని చెప్పాలె. ప్రవేశ రుసుము ఉండొద్దు, ఫ్రేము షరతు ఉండొద్దు. రానుపోను కిరాయి, పోయిన రోజు కూలి ఇయ్యాలె. ప్రతి వస్తువు కాడ చేసినోళ్ల పేరు, ఊరు రాయాలె. ధర వాళ్లే చెప్పాలె. పటం పక్కన కథకుడు, డప్పు పక్కన డప్పు కట్టినోడు కూర్చోవాలె.

డప్పు అన్నలారా, చిందు అక్కలారా, డక్కలి తమ్ముళ్లారా, అద్దాల కుట్టు కుట్టే లంబాడి అక్కలారా, బొగ్గుతో గోడల మీద బొమ్మలు గీసే మన పిల్లలారా! సర్టిఫికెట్ లేదని వెనుకకు జరగొద్దు. గేటు కాడ ఆగకుండ్రి. మీ పనితనం తీసుకొని లోపలికి రాండ్రి!

జై భీమ్!