ఫైన్ కట్టేస్తే అయిపోదు

మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరిని అడిగినా అమెరికా దారి గుక్క తిప్పుకోకుండా చెప్తారు. జీఆర్ఈ, ఐ-20, వీసా స్లాట్, ఎంఎస్, ఓపీటీ, హెచ్-1బీ, చివరకు గ్రీన్ కార్డ్. ఫ్లోచార్ట్ మొత్తం నోటికి వచ్చు. కానీ అందులో ఒక ఇఫ్ కండిషన్ ఎవరూ రాయరు. మధ్యలో పోలీసు కేసు అయితే? కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే? కోర్టు ఆ ఫైల్ మూసేస్తుంది. ఇమిగ్రేషన్ ఆఫీసు మాత్రం పదేళ్ల తర్వాతైనా అదే ఫైల్ మళ్లీ తెరుస్తుంది. ఈ ఒక్క సంగతి మనకు ఎవరూ చెప్పట్లేదు, అందుకే రాస్తున్నా.

మాది కోరుట్ల వైపు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే గల్ఫ్ వలస ఊళ్లు. పరాయి దేశపు జైలు ఇక్కడ కొత్త ముచ్చట కాదు. దుబాయ్ పోయేవాళ్ల సంచిలో గసగసాలు పెడితే పక్కింటాయన వచ్చి తీయిస్తాడు. అక్కడ అవి నిషేధమని, పట్టుబడితే జైలని ఆయనకు తెలుసు. నొప్పి మాత్రలకు డాక్టర్ చీటీ ఉండాలనీ తెలుసు. ఇవన్నీ పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. ఎవరో ఒకరు నష్టపోతే ఊరు నేర్చుకున్నవి.

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లిన ఐదుగురి సంగతి మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో వాళ్లకు శిక్ష పడింది. సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు నేపాల్ వెళ్లి, చనిపోయిన మనిషి కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం ఇచ్చి, క్షమాభిక్షకు ఒప్పించారు. అయినా విడుదలకు ఏళ్లు పట్టింది. 18 ఏళ్ల జైలు తర్వాత 2024 ఫిబ్రవరిలో ఇంటికి వచ్చారు. పోయినప్పుడు చంటిపిల్లలైనవాళ్లు వచ్చేసరికి పెళ్లీడుకొచ్చేంత కాలం అది.

గల్ఫ్‌లో మామూలు కూలీకి శాశ్వత నివాసం అన్న ఆశే లేదు. కేసు పడితే జైలు, ఆ తర్వాత డిపోర్టేషన్. లెక్క కఠినమే, కానీ కళ్లకు కనిపిస్తుంది. అమెరికా లెక్క వేరు. అక్కడ ఒక్క రోజు కూడా జైల్లో ఉండకపోవచ్చు, సాయంత్రానికి రూమ్‌కు వచ్చేయొచ్చు. నష్టం మాత్రం గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ రోజున బయటపడొచ్చు. కనిపించదు కాబట్టే ఎక్కువ ప్రమాదం.

2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు అమ్మాయిలను సూపర్ మార్కెట్‌లో కొన్ని సరుకులకు బిల్లు కట్టలేదన్న ఆరోపణపై అరెస్టు చేశారు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో ఎలా తిరిగిందో గుర్తుందా? పేర్లు, ఊర్లు, మీమ్‌లు. వాళ్ల పేర్లు నేనిక్కడ రాయను. నా పాయింట్ ఏంటంటే, అన్ని వేల ఫార్వర్డ్‌లలో ఇప్పుడు వాళ్ల స్టేటస్ ఏమవుతుంది అన్న ప్రశ్న నాకు ఒక్కచోట కూడా కనపడలేదు.

నిజంగా ఏమవుతుందో చూద్దాం. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో మోరల్ టర్పిట్యూడ్ అనే మాట ఉంది. మన కోర్టుల భాషలో నైతిక పతనం. 1891 చట్టం నుంచి ఆ మాట అక్కడ ఉంది, కానీ చట్టంలో దానికి నిర్వచనం లేదు. ఏ నేరం దాని కిందికి వస్తుందో కోర్టులు ఒక్కో కేసులో చెప్తూ వచ్చాయి. దొంగతనం, మోసం మామూలుగా ఆ లిస్టులో పైనే ఉంటాయి. అలాంటి నేరం రుజువైతే గ్రీన్ కార్డ్‌కు అనర్హత. ఒక చిన్న మినహాయింపు ఉంది. అది మీ ఒకే ఒక్క నేరం అయ్యుండాలి, ఆ నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు, మీకు పడిన శిక్ష 6 నెలలు దాటకూడదు.

ఇప్పుడు న్యూజెర్సీ చట్టం పక్కన పెట్టి చూడండి. షాప్‌లిఫ్టింగ్‌లో సరుకు విలువ 200 డాలర్ల లోపు ఉంటే గరిష్ఠంగా 6 నెలలు. 200 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటే గరిష్ఠంగా 18 నెలలు. అంటే 190 డాలర్ల సరుకు అయితే మినహాయింపు దొరికే అవకాశం ఉంది, 210 డాలర్లయితే ఆ తలుపు మూసుకుపోతుంది. పైగా దేశంలోకి వచ్చిన 5 ఏళ్లలోపు చేసిన ఇలాంటి నేరానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష వేసే వీలుంటే, డిపోర్ట్ కూడా చేయొచ్చు. జడ్జి నిజంగా ఎన్ని రోజులు వేశాడన్నది అక్కడ లెక్క కాదు, ఎన్ని వేయగలడన్నదే లెక్క. ఫైన్‌తో బయటపడ్డా అంతే. 20 డాలర్ల తేడాకి ఒక జీవితం అటో ఇటో అవుతుంది.

ఇంకో మెలిక ఉంది. మనం నేరం రుజువు కావడం అంటే జడ్జి తీర్పు చదవడం అనుకుంటాం. ఇమిగ్రేషన్ చట్టం అలా అనుకోదు. మీరు తప్పు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో షరతో పెడితే చాలు, తీర్పు పక్కన పెట్టి ఏడాది తర్వాత కేసు కొట్టేసినా అది కన్విక్షన్ కిందే లెక్క. తప్పు ఒప్పుకోకుండానే చేర్చుకునే డైవర్షన్ ప్రోగ్రామ్‌లు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. అవి మామూలుగా ఈ లెక్కలోకి రావు. రెండింటి మధ్య తేడా ఒక్క సంతకం. భయంతో, సిగ్గుతో, ఎవరికీ తెలియకుండా తొందరగా తేల్చేసుకోవాలని మనవాళ్లు పెట్టేది ఆ సంతకమే.

ఇది మనకే కాదు, నలభై ఏళ్లుగా గ్రీన్ కార్డ్ ఉన్నవాడికీ జరిగింది. హోండురస్‌లో పుట్టి, అమెరికా తరఫున వియత్నాం యుద్ధంలో పనిచేసిన పాడియా అనే లారీ డ్రైవర్‌ను కెంటకీలో గంజాయి రవాణా కేసులో పట్టుకున్నారు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నావు, ఇమిగ్రేషన్ గురించి బెంగ వద్దని లాయర్ చెప్తే నేరం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత తెలిసింది, డిపోర్టేషన్ దాదాపు ఖాయమని. 2010లో అమెరికా సుప్రీం కోర్టు ఆ లాయర్ చేసింది తప్పని తేల్చింది. నేరం ఒప్పుకోమనే ముందు ఇమిగ్రేషన్ మీద పడే ప్రభావం చెప్పడం లాయర్ బాధ్యత అంది. అంటే అడిగే హక్కు మనకుంది. కానీ ఉందని తెలిస్తేనే కదా అడిగేది!

"దొంగతనం చెయ్యకపోతే సరిపోద్ది కదా బ్రో, ఇంత కథెందుకు?" అంటారని తెలుసు. సగం కరెక్టే. చేసినవాళ్లను నేను వెనకేసుకురావట్లేదు. కానీ లిస్టు దొంగతనంతో ఆగదు. కాలిఫోర్నియాలో షాపులో బహిరంగంగా అమ్మే గంజాయి ఫెడరల్ చట్టం ప్రకారం ఇంకా నేరమే. శిక్ష పడకపోయినా, వాడానని అధికారి ముందు సరిగ్గా ఒప్పుకుంటే చాలు, చిక్కు మొదలవుతుంది. తాగి కారు నడిపి అరెస్టయితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు కావచ్చు. ఇంట్లో గొడవ పెద్దదై పక్కవాళ్లు 911కి ఫోన్ చేస్తే, గృహహింస కేసు రుజువైనా డిపోర్టేషన్ వరకు వెళ్తుంది.

2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూశాం. పోలీసు డేటాబేస్‌తో పేర్లు మ్యాచ్ చేసి వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు టర్మినేట్ చేశారు. వాళ్లలో ట్రాఫిక్ కేసులవాళ్లు, కేసు కొట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం మనదేశం వాళ్లవే. విద్యార్థులు కోర్టులకెక్కాక నెలాఖరుకు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. సీఎస్ వాళ్లం కాబట్టి మనకు ఇది బాగా అర్థమవ్వాలి. రెండు టేబుళ్లు జాయిన్ చేస్తే వచ్చే రో మనిషి కథ మొత్తం చెప్పదు. కానీ నిర్ణయం ఆ రో మీదే అయిపోతుంది.

ఇది న్యాయమా అంటే, పూర్తిగా కాదనే నా అభిప్రాయం. ఎవరిని ఉండనివ్వాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది, ఒప్పుకుంటా. కానీ ఒకే షాపులో ఒకే తప్పు చేసిన అమెరికన్ కుర్రాడు ఫైన్ కట్టి రేపు క్లాసుకు పోతాడు, మనవాడు చదువు, ఉద్యోగం, ఇంటి మీద తెచ్చిన అప్పు అన్నీ పోగొట్టుకుంటాడు. నేరానికి తగ్గ శిక్ష అంటే ఇది కాదు. అయితే ఆ చట్టం మార్చే ఓటు మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది తెలుసుకోవడం, ఇంకా దాచకపోవడం.

దాచడం గురించి గట్టిగా చెప్పాలి. పరువు పోతుందని అమ్మానాన్నలకు చెప్పరు, రూమ్మేట్‌కు చెప్పరు, ఆఖరికి ఫారంలో కూడా రాయరు. గ్రీన్ కార్డ్ ఫారంలో అరెస్టు గురించి సూటిగా అడుగుతారు. కేసు కొట్టేసినా, రికార్డు సీల్ చేసినా చెప్పాల్సిందే. వేలిముద్రలు ఎలాగూ తీసుకుంటారు. మినహాయింపు దొరికే చిన్న కేసును దాచి అబద్ధం రాస్తే, ఆ అబద్ధమే జీవితాంతం తలుపు మూసేసే నేరం అవుతుంది. తప్పు కన్నా దాపరికమే ఎక్కువ ఖరీదు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. ప్రతి సంవత్సరం మన కాలేజీలో ఎంఎస్ మీద సెమినార్లు పెడతారు. కన్సల్టెన్సీల వాళ్లొచ్చి యూనివర్సిటీ ర్యాంకులు, లోన్ వడ్డీలు చెప్పి పోతారు. అందులో ఒక అరగంట దీనికి ఇవ్వండి. అక్కడున్న సీనియర్లలో ఒకరిని, వీలైతే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను ఆన్‌లైన్‌లో పిలిచి మాట్లాడించండి. చెప్పాల్సింది మూడే మాటలు. ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌ను అడగకుండా దేనికీ తప్పు ఒప్పుకోవద్దు. కోర్టు ఇచ్చిన ప్రతి కాగితం జీవితాంతం దాచుకోండి. ఏ ఫారంలోనూ అబద్ధం రాయొద్దు.

గల్ఫ్ పోయే మనిషి సంచిలోంచి గసగసాలు తీయించడానికి మా ఊరికి చాలా ఏళ్లు, చాలా కన్నీళ్లు పట్టాయి. అమెరికా పోయే మన సూట్‌కేసుల విషయంలో అంత దూరం రానివ్వకూడదు. ఈసారి మీ గ్రూపులో ఎవరో అరెస్టయిన వీడియో వస్తే, ఫార్వర్డ్ చేసే ముందు వాళ్లకు లాయర్ దొరికాడా అని అడగండి.