మందు తాగాడా? మందు కొట్టాడా?

పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో మన ఊళ్ళలో పొద్దుగూకేసరికి ఒకే రకం మాటలు వినబడతాయి. తల తిరుగుతోంది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, వాంతి వచ్చేలా ఉంది, చేతులు వణుకుతున్నాయి. ఇంట్లోవాళ్ళు మజ్జిగో నిమ్మరసమో తాగిస్తారు. మరీ ఎక్కువైతే ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెడతాడు. కాస్త తేరుకోగానే అదే మనిషి మళ్ళీ పంపు భుజానికెత్తుకుంటాడు. ఈ జబ్బు ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. లెక్కలో లేని జబ్బుకు ప్రభుత్వం దగ్గర డాక్టరూ ఉండడు, బడ్జెట్టూ ఉండదు.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! గిట్టుబాటు ధర గురించి, విత్తనం గురించి, కరెంటు గురించి మనం ప్రతి నెలా మాట్లాడుకుంటున్నాం. ఈ నెల ఒక ప్రభుత్వ ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. పని వల్ల వచ్చే జబ్బును కనిపెట్టి, దాన్ని కాగితం మీద రాసి, ఆ పనిని మార్పించే డాక్టరు ఉద్యోగం అది. ఫ్యాక్టరీ కార్మికుడికి చట్టం అలాంటి డాక్టరును ఎప్పుడో ఇచ్చింది. మనకు ఇంతవరకూ లేదు.

ఈ వైద్యానికి మూలం ఒక చిన్న ప్రశ్న. ఇటలీకి చెందిన రమజ్జినీ అనే డాక్టరు 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని మామూలుగా అడిగే ప్రశ్నలకు తోడు "నువ్వు ఏం పని చేస్తావు?" అని కూడా అడగాలని డాక్టర్లకు చెప్పాడు. 300 ఏళ్ళు దాటింది. మన ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తారు. ఏం పని చేస్తున్నాడో, ఆ రోజు ఏ మందు పట్టుకున్నాడో ఎంతమంది రాస్తున్నారు?

ఆ ప్రశ్న అడిగి, జవాబు రాస్తే ఏమవుతుందో బ్రిటన్ చరిత్రలో ఉంది. అక్కడ రంగుల ఫ్యాక్టరీల్లో, పింగాణీ ఫ్యాక్టరీల్లో సీసం విషం ఎక్కి కార్మికులు చచ్చిపోతుంటే, 1895లో ఒక చట్టం చేశారు. సీసం విషం కేసు ఏ డాక్టరు కంటపడినా ప్రభుత్వానికి రాసి పంపాలి. 1898లో థామస్ లెగ్ అనే డాక్టరును ఫ్యాక్టరీల మొదటి వైద్య ఇన్‌స్పెక్టరుగా పెట్టారు. ఆయన ఆ కాగితాలు పట్టుకుని ఫ్యాక్టరీలు తిరిగాడు. 1900లో 1,058 కేసులు లెక్కకొస్తే, 1910 నాటికి అవి 505కు దిగాయి. కొత్త మందేదో కనిపెట్టి తగ్గించింది కాదు ఇది. దుమ్ము ఎక్కడ లేస్తోందో చూసి, ఆ దుమ్మును ఆపించడం వల్ల తగ్గింది.

లెగ్ పట్టుబట్టిన సంగతి ఒకటి మనకు ముఖ్యం. యజమాని చేయవలసిందంతా చేయనిదే కార్మికుడు తనను తాను కాపాడుకోవడం దాదాపు అసాధ్యమని ఆయన చెప్పేవాడు. తెల్ల సీసం రంగుల మీద 1921లో జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి తన ప్రభుత్వం ఒప్పుకోనందుకు 1926లో ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ప్రభుత్వ జీతం తీసుకుంటూ పనివాడి పక్షాన నిలబడిన డాక్టరంటే అతను.

మన దేశానికి వద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం సర్టిఫయింగ్ సర్జన్ అనే డాక్టరు పోస్టు పెట్టింది. జాబితాలో ఉన్న వృత్తి జబ్బు కనబడితే వైద్యం చేసిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలపాలని 89వ సెక్షనులో రాసింది. ప్రమాదకర పరిశ్రమల జాబితా ఒకటి తయారు చేసి, అందులో పురుగుమందుల తయారీని చేర్చింది. అలాంటి చోట పనిచేసేవాళ్ళకు పనిలో చేరేముందు, ఆ తర్వాత ఏడాదికోసారి వైద్య పరీక్ష జరపాలంది. ఫ్యాక్టరీ డాక్టర్ల కోసం మూడు నెలల ప్రత్యేక కోర్సు కూడా ఉంది. అమలు ఎలా ఉన్నా, కాగితం మీదైనా హక్కు ఉంది.

ఇప్పుడు ఆ డబ్బా ఫ్యాక్టరీ గేటు దాటి మన చేనుకు వచ్చింది. లోపల ఉన్నది అదే విషం. దాన్ని మూత తీసి, బకెట్లో కలిపి, గాలిలోకి చిమ్మేది మనమే. కానీ చేను ఏ ప్రమాదకర జాబితాలోనూ లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా మామూలుగా 10 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. ఇద్దరు కూలీలతో మందు కొట్టించే మూడెకరాల రైతు దానికి ఆనడు. ఆ కూలీలకు ఈఎస్‌ఐ ఆసుపత్రీ లేదు.

మరి మనకు ఏమీ లేదా? ఉంది. 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షను చదవండి. పురుగుమందు వాడకం వల్ల, పట్టుకోవడం వల్ల ఎవరికి విషమెక్కినా ఫలానా అధికారికి తెలపాలని డాక్టర్లనైనా, మరెవరినైనా ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ పక్కనే 27వ సెక్షను. అలాంటి రిపోర్టుల వల్ల ఒక మందు మనుషులకు ప్రమాదమని తేలితే, విచారణ పూర్తయ్యేదాకా దాని అమ్మకాన్ని తాత్కాలికంగా ఆపే అధికారమూ ఉంది. 1971 నిబంధనల్లో మందు కొట్టేవాళ్ళకు వైద్య పరీక్షలు, రక్షణ దుస్తులు, విరుగుడు మందులు, శిక్షణ అన్నీ రాసి ఉన్నాయి.

ఈ రెండు సెక్షన్లూ ఒకదానికొకటి గొలుసు. రిపోర్టు రాకపోతే ఆపే అవసరమే కనబడదు. మీ మండలంలో అలాంటి రిపోర్టు ఒక్కటైనా వెళ్ళిందని ఎప్పుడైనా విన్నారా? కంపెనీవాళ్ళు మా మందు వల్ల ఎవరికీ ఏమీ కాలేదంటే, అయిందని చూపడానికి మన చేతిలో కాగితం లేదు.

లెక్క ఎక్కడ తప్పిపోతోందో రెండు అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్ళు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002 కేసులను విడిగా పరిశీలిస్తే నూటికి 96 మంది కావాలని తాగినవాళ్ళు. అప్పుల బాధ మన ఊళ్ళను ఎలా కాల్చిందో చెప్పే లెక్క ఇది.

రెండోది 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పత్తి పండించే మూడు ఊళ్ళలో జరిగింది. 50 మంది మహిళా రైతులు ఆగస్టు నుంచి డిసెంబరు దాకా తమకు, తమ ఇంటి మగవాళ్ళకు మందు కొట్టినప్పుడల్లా ఏమైందో నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో నూటికి 83కు పైగా విషలక్షణాలు కనబడ్డాయి, కొన్ని తక్కువగా, కొన్ని తీవ్రంగా. నూటికి 6 సార్లు నరాల మీద చాలా తీవ్రంగా పనిచేసింది. అయినా ఒక్కరు కూడా వైద్యానికి వెళ్ళలేదు, ఒక్కరూ ఆసుపత్రిలో చేరలేదు. మందు కలిపి, పంపుల్లో నింపి ఇచ్చే ఆడవాళ్ళకు కొట్టేవాళ్ళతో సమానంగా ప్రమాదముందని తేలింది. పెద్ద రైతులకన్నా చిన్న, సన్నకారు రైతులకే ఎక్కువ దెబ్బ తగిలింది.

చూశారా! తాగినవాడు ఆసుపత్రి లెక్కలోకి వచ్చాడు. కొట్టినవాడు ఇంట్లో మంచం మీదే ఉండిపోయాడు. అందుకే పురుగుమందు కేసు అనగానే తాగి ఉంటాడన్న అనుమానం ముందు వస్తుంది. పోలీసులకు కబురు వెళ్తుంది. ఊళ్ళో మాట పుడుతుంది. ఆ భయంతో ఇంటివాళ్ళు అసలు సంగతి చెప్పరు. తాగినవాడైనా నేరస్థుడు కాడు. తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూసి ఆదుకోవాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కొట్టినవాడి సంగతి వేరు. అతనిది పనిలో జరిగిన ప్రమాదం. ఆ రెండింటినీ వేరుచేసి రాసే చేయి కావాలి.

రాసే చేయి లేకపోతే ఏమవుతుందో 2017 వానాకాలంలో మన ఆదిలాబాద్ పక్కనే చూశాం. పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు దాటి పెరిగింది. పైకెత్తి కొట్టిన మందు ముఖం మీదే పడింది. చావులు మొదలైన చాలా రోజులకు గాని అది వార్త కాలేదు. మొదటి వారంలోనే పది కేసులు ఒక డాక్టరు బల్ల మీద ఒకచోట చేరి ఉంటే, అమ్మకాలు ఆపడానికి, ఊరూరా చాటింపు వేయడానికి వ్యవధి దొరికేది.

పైగా కొందరు చనిపోయినవాళ్ళనే తప్పుపట్టారు. మాస్కు పెట్టుకోలేదు, చేతి తొడుగులు వేసుకోలేదు అన్నారు. ఉక్కపోతలో ఒళ్ళంతా కప్పుకుని 16 లీటర్ల పంపు మోస్తూ బురదలో పూటంతా నడిచి చూస్తే ఆ మాట రాదు. మన వాతావరణంలో వేసుకోలేని దుస్తులు వేసుకుంటే తప్ప ప్రమాదం తప్పని మందును మన చిన్న రైతుకు అమ్మవచ్చా? ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని లోపలి నుంచి అడగగలిగినవాడు వృత్తి వైద్యుడు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో దీనికొక పద్ధతి ఉంది. పురుగుమందు వల్ల జబ్బని అనుమానం వచ్చినా డాక్టరు 24 గంటల్లో అధికారులకు తెలపాలని 1971 నుంచి నిబంధన. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు రక్తంలో కోలినెస్టరేజ్ అనే పదార్థాన్ని అణిచేస్తాయి. అందుకే చొంగ కారడం, చెమట, కండరాలు అదరడం, కంటిపాప గుండుసూది మొనంత అయిపోవడం జరుగుతాయి. ఇలాంటి మందులు తరచుగా పట్టుకునేవాళ్ళకు అక్కడ పని మొదలుకాకముందే రక్తం పరీక్షించి ఆ పదార్థం ఎంతుందో రాసిపెడతారు. ఎర్ర రక్తకణాల్లో అది మొదటి లెక్కలో నూటికి 70కి పడిపోతే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు. 80కి చేరితే గాని మళ్ళీ పంపనివ్వరు. మనిషి పడిపోకముందే తెలుసుకునే దారి ఇది.

మన సంఘం రెండు రాష్ట్ర ప్రభుత్వాల ముందు పెట్టే డిమాండ్లు ఇవి.

ఒకటి: 26వ సెక్షను కింద ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరూ పురుగుమందు విషం కేసులు తప్పనిసరిగా రిపోర్టు చేసేలా చూడాలి. ఆ లెక్కలు జిల్లాల వారీగా ప్రతి సీజనులో బయటపెట్టాలి.

రెండు: ఓపీ చీటీలో ఏం పని, ఏ మందు, తాగిందా కొట్టిందా అనే గడులు పెట్టాలి.

మూడు: ఏరియా ఆసుపత్రుల్లో కోలినెస్టరేజ్ పరీక్ష, మందు కొట్టే నెలల్లో పీహెచ్‌సీల్లో చాలినంత అట్రోపిన్ ఉండాలి.

నాలుగు: జిల్లాకొక వృత్తి వైద్యుడిని వ్యవసాయ పనుల కోసం నియమించాలి. ఆసుపత్రిలో కూర్చోవడంతో ఆయన పని సరిపోదు. చేలకు రావాలి, దుకాణాలు చూడాలి, వ్యవసాయ శాఖకు రిపోర్టు రాయాలి.

ఐదు: తెలంగాణలో 2018 నుంచి ఉన్న రైతు బీమా ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇస్తుంది, కానీ పట్టా ఉన్నవాళ్ళకే. పంపు మోసే కౌలు రైతుకు, కూలీకి కూడా పరిహారం రావాలి.

ప్రభుత్వాన్ని అడగడంతో పాటు మన వంతు కూడా ఉంది. కూలి ఇచ్చి మందు కొట్టించినప్పుడు మనమే యజమానులం. లెగ్ చెప్పిన మాట మనకూ తగులుతుంది. ట్యాంకుల లెక్క చూసినట్టే మనిషి తీరూ చూడాలి. సబ్బు, నీళ్ళు గట్టు మీద పెట్టాలి. గాలికి ఎదురు కొట్టించకూడదు. ఒంట్లో బాగాలేదంటే పంపు దింపించి, మందు తడిసిన బట్టలు విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగించి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ ఖర్చు చేను యజమానిదే. డబ్బా లేబులుతో సహా వెంట తీసుకెళ్ళండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకు వైద్యం తేలిక. పారాక్వాట్ లాంటి వాటికి విరుగుడే లేదు. డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి: "చేలో మందు కొడుతుంటే ఇలా అయింది. చీటీ మీద రాయండి."

ప్రభుత్వం పుస్తకం తెరిచేదాకా మనం ఆగనక్కర్లేదు. ఈ సీజను నుంచి ప్రతి గ్రామ శాఖ ఒక నోటుబుక్కు పెట్టాలి. తేదీ, పంట, మందు పేరు, కొట్టారా కలిపారా, ఏమైంది, ఎక్కడ చూపించుకున్నారు. ఈ ఆరు సంగతులు చాలు. మనిషి ఒప్పుకుంటేనే పేరు రాయండి. ఆ 50 మంది అక్కచెల్లెళ్ళు ఐదు నెలల పాటు రాయగలిగిన లెక్క మన సంఘం రాయలేకపోదు. డిసెంబరు చివర మండలాల వారీగా కూడి, ఆ పుస్తకాలు పట్టుకుని సోమవారం గ్రీవెన్సులో కలెక్టరు బల్ల మీద పెడదాం. ఇన్ని కేసులు చూడవలసిన డాక్టరు ఏడీ అని అడుగుదాం.