ఫిక్స్ చెయ్యని వైన్

గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే ముందు తగిలింది నెయిల్ పాలిష్ వాసన. దాని వెనకాలే సన్నగా పశువుల పాక వాసన. రెస్టారెంట్లో అయితే సీసా వెనక్కి పంపించేసే పరిస్థితి. పోసినవాడు నా బీటెక్ రూమ్మేట్, ఇప్పుడు లండన్‌లో ఉంటున్నాడు. నా మొహం చూసి నవ్వి, "గంట ఆగరా, తర్వాత తిట్టు" అన్నాడు. అది ఏ దేశానిదో, ఎవరు చేశారో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. కథ ముందే వినుంటే నా నాలుకని నేనే నమ్మేవాణ్ణి కాదు.

గంట తర్వాత పాక వాసన చాలావరకు పోయింది. నేరేడు పండు, ఎండు ఖర్జూరం, లవంగం, కొత్త తోలు చెప్పుల షాపులోకి అడుగుపెడితే వచ్చే వాసన, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. రంగు మాత్రం పల్చనే. సూపర్ మార్కెట్ రెడ్ వైన్లలా సిరా నలుపు కాదు, గ్లాసు వంచితే అంచు ఇటుక రంగులోకి తిరుగుతోంది. వగరు మెత్తగా ఉంది, పులుపు మాత్రం చివరిదాకా నాలుక మీద నిలబడింది. మూడో గంటకి ఎండబెట్టిన నారింజ తొక్క వాసన. నెయిల్ పాలిష్ పూర్తిగా పోలేదు, కానీ అప్పటికి నేను దాన్ని వెతుక్కుంటున్నాను.

అప్పుడు లేబుల్ చూపించాడు. షాతో ముసార్, 2014. లెబనాన్.

ముందు ఆ వాసనల సంగతి. నెయిల్ పాలిష్ వాసనని వైన్ వాళ్ళు వోలటైల్ ఎసిడిటీ కింద లెక్కేస్తారు. వైన్‌ని వెనిగర్ చేసే బ్యాక్టీరియా కాస్త చెయ్యి పెట్టిందని అర్థం. పాక వాసన బ్రెట్ అనే ఒక రకం ఈస్టు పని. చదువుకున్న ఏ వైన్ మేకరైనా రెండింటినీ లోపాల జాబితాలోనే రాస్తాడు. సల్ఫర్ గట్టిగా వేసి, సన్నగా ఫిల్టర్ చేస్తే చాలావరకు అదుపులో ఉంటాయి కూడా. మరి ముసార్ వాళ్ళకి తెలీదా? బ్రహ్మాండంగా తెలుసు. ఆ వైన్‌కి పేరు తెచ్చిన సెర్జ్ హోషార్ బోర్డోలో ఎమిల్ పేనో దగ్గర చదువుకున్నాడు. శుభ్రమైన, లెక్క తప్పని వైన్ ఎలా చెయ్యాలో ప్రపంచానికి నేర్పిన మాస్టారు ఆయన. ఇంకో మాట, సెర్జ్ మొదట చదివింది సివిల్ ఇంజినీరింగ్. బ్రాంచి ఒకటి, బతుకు ఇంకోటి. మనకి కొత్తేం కాదు కదా.

ఎస్టేట్ పెట్టింది ఆయన తండ్రి గాస్తోన్, 1930లో. సెర్జ్ 1959లో వైన్ తయారీ చేతికి తీసుకున్నాడు. అది కూడా ఎలా? నా పద్ధతిలో నేను చేస్తాను, నువ్వు తప్పుకో నాన్నా అని షరతు పెట్టి! తండ్రి తప్పుకున్నాడు. కాబర్నే సావిన్యాన్, సాన్సో, కారిన్యాన్ అనే మూడు రకాల ద్రాక్ష. ద్రాక్ష మీద సహజంగా ఉండే ఈస్టుతోనే సిమెంట్ తొట్లలో పులియబెడతారు. ఆ తర్వాత ఒక ఏడాది ఓక్ పీపాల్లో ఉంచుతారు, ఆపైన కలిపి సీసాల్లోకి. ఫిల్టర్ లేదు, సల్ఫర్ చాలా తక్కువ. కోసిన ఏడో ఏడుకి గానీ అమ్మకానికి రాదు. నాకు తెలిసిన ఏ రిలీజ్ మేనేజరూ ఈ ప్లాన్‌కి సంతకం పెట్టడు.

తోటలు బెకా లోయలో ఉన్నాయి, సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో. వైనరీ మాత్రం కొండలకి ఇవతల, బీరూట్‌కి ఉత్తరాన గజీర్‌లో. 1930 నాటికి బెకా చివరికి ఏ దేశంలో ఉంటుందో గాస్తోన్‌కి నమ్మకం కుదరలేదట, అందుకే అలా కట్టాడంటారు. అప్పటికి తెలివైన పనే. కానీ 1975లో అంతర్యుద్ధం మొదలయ్యాక తోటకీ తొట్టికీ మధ్య ఉన్న ఆ దారే ప్రాణం మీదికి తెచ్చింది. చెక్ పోస్టులు, సైన్యాలు, షెల్లింగ్. కోసిన ద్రాక్షకేమో ఒక్క రోజు ఆలస్యమైనా గండమే.

పదిహేనేళ్ళ యుద్ధంలో వైన్ అసలు చెయ్యలేకపోయింది 1976లో ఒక్కసారే. స్వదేశంలో కొనేవాళ్ళు కరువైతే సీసాలు పట్టుకుని విదేశాలకెళ్ళారు. 1979లో బ్రిస్టల్ వైన్ ఫెయిర్‌లో మైకేల్ బ్రాడ్‌బెంట్ అనే పెద్ద విమర్శకుడు రుచి చూసి మెచ్చుకున్నాక బ్రిటన్ వీళ్ళకి పెద్ద మార్కెట్ అయింది. 1984లో సెర్జ్‌ని డికాంటర్ పత్రిక తన మొట్టమొదటి 'మ్యాన్ ఆఫ్ ద ఇయర్' చేసింది. అదే ఏడాది ఆయన ద్రాక్ష లారీలు దారులు మూసుకుపోయి రోజుల తరబడి చుట్టు తిరిగాయి. వైనరీకి చేరేసరికి పళ్ళు దారిలోనే పులవడం మొదలుపెట్టాయి. ఆ సరుకుని ఆయన పారబొయ్యలేదు. దాంతోనే వైన్ చేశాడు, మామూలు వింటేజ్‌లా మార్కెట్లోకి మాత్రం వదల్లేదు.

ఇక్కడే నాకు ఆయన మొండితనం అర్థమైంది. వింటేజ్ అంటే ద్రాక్ష కోసిన సంవత్సరం, అంతే. ఆ సంవత్సరం ఎలా గడిచిందో సీసాలో అలాగే ఉండాలి, నేను దిద్దకూడదు అన్నది ఆయన పట్టు. మన ఫీల్డులో బగ్‌ని ఫీచర్ అని అంటగట్టేవాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి ఈ వాదన వింటే ముందు చిరాకే వస్తుంది. పైగా ముసార్ ఒక సీసాకి ఇంకో సీసాకి పోలిక లేకుండా ఉంటుందని దాని అభిమానులే ఒప్పుకుంటారు. అంత డబ్బు పోసి లాటరీ ఆడటం అందరి వల్లా కాదు. రెడ్ వైన్ మొదటిసారి తాగేవాళ్ళకి దీన్ని నేనైతే చెప్పను. కానీ కథ తెలియకుండానే మూడో గ్లాసు అడిగాను కదా, దానికేం సమాధానం చెప్పను?

2014 సంగతి. ముందు చలికాలం లెబనాన్‌లో వానల్లేవు. ఆగస్టులో బెకాకి ఈశాన్యాన అర్సాల్ దగ్గర సైన్యానికీ, సిరియా వైపు నుంచి వచ్చిన మిలిటెంట్లకీ యుద్ధమే జరిగింది. డిసెంబరు 31న సెర్జ్ హోషార్ మెక్సికోలో ఈతకెళ్ళి చనిపోయాడు. అంటే మేం తాగింది ఆయన బతికుండగా కోసిన ఆఖరి పంట. అది సీసాలో ఎలా తయారైందో ఆయన చూడలేదు.

మీకెక్కడైనా దొరికితే (వయసు, చట్టం మీరే చూసుకోండి) సీసాని ఒక రోజంతా నిలబెట్టి ఉంచండి, అడుగున మడ్డి ఉంటుంది. మెల్లిగా వంచి వేరే జగ్గులోకి పొయ్యండి. ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా వద్దు, మన మే నెల గది వేడీ వద్దు. గంట ఆగండి.

ఎస్టేట్ ఇప్పుడు హోషార్ల తర్వాతి తరం చేతుల్లో ఉంది. ద్రాక్ష ఇంకా ఆ కొండ దాటే వస్తోంది. 2024 సెప్టెంబరులో బెకా మీద మళ్ళీ బాంబులు పడ్డాయి, సరిగ్గా కోతల కాలంలో. వాళ్ళ ఏడేళ్ళ లెక్కన ఆ ఏడాది రుచి ఏంటో తెలియాలంటే 2031 దాకా ఆగాలి.