తాళంచెవి ఎవరి దగ్గర?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చిన మా నాచారం, ఉప్పల్ అమ్మలందరి ఫోన్లలో ఇంచుమించు అవే ఫోటోలు. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, కాస్ట్‌కోలో బండి తోస్తూ ఒకటి. తప్పేం లేదు, నా ఫోన్లోనూ ఉన్నాయి. కానీ ఫ్రీమాంట్ వైపు పిల్లలున్నవాళ్ళు ఇంకో చోటు కూడా చూసి రావాలంటాను. అది మిషన్ శాన్ హోసే.

ఆ పేరు మనకు కొత్తేం కాదు. బళ్ళు బాగుంటాయని, ఇల్లు కొంటే అక్కడే కొనాలని మన పిల్లలు ఆరాటపడే పేట అది. ఆ పేరు వచ్చింది మాత్రం స్పెయిన్ వాళ్ళ పాత మిషన్ నుంచి. 1769 నుంచి 1823 దాకా కాలిఫోర్నియాలో ఇలాంటివి 21 కట్టారు. 1797లో మొదలైన ఇది 14వది. 1868 భూకంపంలో చర్చి కూలిపోతే, 1985 నాటికి పాత రూపులోనే మళ్ళీ కట్టారు. పాదిరీలు ఉన్న పాత మట్టి ఇటుకల ఇంట్లో కొంత భాగం మిగిలింది. ఇప్పుడది మ్యూజియం.

తెల్లటి గోడలు, చల్లటి వసారా. చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉంటుందో! అయితే ఆ ఇటుకలు చేసింది, పొలం దున్నింది, మొక్కజొన్నలు నూరింది ఒలోనీ, ఇంకా చుట్టుపక్కల జాతుల వాళ్ళు. ఒకసారి బాప్తిస్మం తీసుకుంటే ఇష్టమొచ్చినట్టు తిరిగి వెళ్ళడానికి లేదు. పారిపోతే సైనికులు పట్టి తెచ్చేవారు, కొరడా దెబ్బలు కూడా ఉండేవి. మిషన్‌కి కాస్త దూరంలోనే ఒలోనీల శ్మశానం ఉంది. అక్కడ నాలుగు వేలమంది ఉన్నారని రాసి ఉంటుంది.

నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటి. ఈ మిషన్లలో పెళ్ళికాని ఆడపిల్లలకు వేరే గది ఉండేది. దాన్ని మోన్‌హెరియో అనేవారు. చీకటి పడగానే అందరినీ లోపలికి పంపి బయట తాళం వేసేవారు. ఎందుకయ్యా అంటే, వాళ్ళ భద్రత కోసం, శీలం కోసం! సైనికుల వల్ల ఆడవాళ్ళకు ప్రమాదం ఉన్నమాట నిజమే. ఆ సైనికులను తెచ్చిందెవరు మరి? తప్పు చేసేవాళ్ళు బయట తిరుగుతుంటే తాళం మాత్రం పిల్లలకు. గాలి ఆడని ఆ ఇరుకు గదుల్లో రోగాలు త్వరగా పాకేవి.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ మీకు? ఉప్పల్ నుంచి నాచారం దాకా ఎన్ని లేడీస్ హాస్టళ్ళు! రాత్రి గేటుకు తాళం. మగపిల్లల హాస్టల్‌కి అంత పట్టింపు ఉండదు. ఈ రెండూ ఒకటేనని నేననను. మన పిల్లలు తమంతట తాము చేరినవాళ్ళు, వద్దనుకుంటే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేస్తారు. ఆ పిల్లలకు ఆ దారి లేదు. ఆడపిల్లను కన్న తల్లిగా రాత్రి తొమ్మిదైతే నాకూ గుండె దడే. అయినా రెండుచోట్లా కారణంగా చెప్పే మాట ఒకటే, భద్రత. ఆ మాట వినగానే మనం నోరు మూసేసుకుంటాం. అది నాకు నచ్చదు.

భద్రత అంటే తాళం ఒక్కటే కాదు. మెట్రో దిగి ఇంటికి నడిచే సందులో దీపం వెలగడం భద్రత. ఏడిపించేవాడి మీద ఫిర్యాదు ఇస్తే తీసుకోవడం భద్రత. రాత్రి నిప్పంటుకుంటే గేటు తీసే మనిషి దగ్గరలో ఉండడం భద్రత. హాస్టల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు భోజనం, అద్దె అడుగుతాం కదా, తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి. లోపలివాళ్ళకు అందేచోట లేకపోతే ఆ హాస్టల్ వద్దనండి.

పాత కట్టడాలు చూడ్డమంటే నా దృష్టిలో ఇదే. ఎత్తెంత, వయసెంత అని గైడు చెబుతాడు. ఇక్కడ వంట ఎవరు చేశారు, ఆడవాళ్ళు ఎక్కడ పడుకున్నారు, తలుపు ఎటువైపు నుంచి వేశారు అని మనమే అడగాలి. ఈసారి పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక పూట మిషన్‌కి తీసుకెళ్ళమనండి. మనవరాలిని కూడా వెంట పెట్టుకుని వెళ్ళండి.