పెన్‌డ్రైవులోని పద్దు పుస్తకం

బాలలూ! ఈ నెల జేబులో ఇమిడే ఒక కొట్టుగదిని గురించి చెబుతాను. దాని పేరు పెన్‌డ్రైవు.

మా వీధిలో ఆరవ తరగతి చదివే పిల్ల ఒకతె ఉన్నది. వాళ్ళ నాయనమ్మ పాడిన మంగళహారతులన్నీ ఒకే వీడియోగా తీశారు. దాని పరిమాణం 6 జీబీ. హైదరాబాదులో ఉన్న మేనత్తకు పంపాలని ఆ పిల్ల దానిని పెన్‌డ్రైవులోకి ఎక్కించబోయింది. డ్రైవులో 20 జీబీ ఖాళీ ఉన్నది. అయినా కంప్యూటరు, “ఫైలు మరీ పెద్దది” అన్నది! వాళ్ళ అన్న, “ఫార్మాటు చేస్తే సరి!” అంటూ మీట నొక్కబోయాడు. తాతగారి ఫోటోలు ఆ డ్రైవులోనే ఉన్నాయి; మరెక్కడా లేవు. తల్లి చూసి చెయ్యి పట్టుకున్నది గనుక సరిపోయింది.

ఖాళీ ఉండి కూడా ఫైలు ఎందుకు పట్టలేదు?

కొట్టులో ఏ బస్తా ఎక్కడున్నదో తెలియాలంటే పద్దు పుస్తకం ఉండాలి గదా! డ్రైవులోనూ అటువంటి పద్దు ఉన్నది. దానినే ఫైల్ సిస్టమ్ అంటారు. ఫైలు పేరు, పరిమాణం, చోటు అందులో రాసి ఉంటాయి. ఫార్మాటు చేయడమంటే పాత పద్దు తీసేసి కొత్తది తెరవడమన్నమాట. పాత పద్దుతోపాటు లోపలి సరుకూ పోయినట్టే.

ఇప్పుడొక చిన్న లెక్క. పరిమాణం రాయడానికి మూడే గళ్ళున్నాయనుకోండి. 999 రాయగలం; 1000 రాయలేం. 1996లో వచ్చిన ఫ్యాట్32 అనే పద్దులో ఇందుకు 32 గళ్ళున్నాయి. ఒక్కొక్క గడిలో సున్న గాని, ఒకటి గాని మాత్రమే పడుతుంది. వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అన్ని బైట్లంటే సుమారు 4 జీబీ. కొట్టు ఎంత ఖాళీగా ఉన్నా, అంతకు మించిన ఫైలును ఆ పద్దు రాసుకోలేదు. తిరకాసు అక్కడున్నది.

2006లో ఎక్స్‌ఫ్యాట్ వచ్చింది. అందులో పరిమాణానికి 64 గళ్ళు! ఎంత పెద్ద వీడియో అయినా పడుతుంది. విండోస్, మ్యాక్ కంప్యూటర్లు రెండూ దీనిని చదువుతాయి, రాస్తాయి. అయితే కొన్ని పాత టీవీలు, కారు రేడియోలు దీనిని గుర్తించవు. వాటికి ఫ్యాట్32 మేలు.

1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్ వారి పద్దు. ఇది చేయబోయే మార్పును ముందుగా చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసి పద్దు సరిచేసుకోగలదు. కాని మ్యాక్ దీనిని చదువుతుందే తప్ప, తనంతట తాను ఇందులో రాయదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఇటువంటి చిట్టా లేదు. అందుకే ఫైలు ఎక్కుతుండగా డ్రైవును లాగెయ్యరాదు. “ఎజెక్ట్” నొక్కి, అనుమతి వచ్చాకే తీయాలి.

కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ డ్రైవును ఏ యంత్రాలు చదవాలి? ఇందులో పెట్టే ఫైళ్ళలో అన్నిటికన్నా పెద్దది ఎంత? మేనత్త ఇంట్లో ఉన్నది మ్యాక్, వీడియో 6 జీబీ. అందుచేత ఆ పిల్ల ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకున్నది.

ఫార్మాటు చేసేముందు వరస తప్పకండి. డ్రైవులో ఉన్నదంతా కంప్యూటరులోకి కాపీ చెయ్యండి. కాపీ చేసిన ఫైళ్ళు తెరుచుకుంటున్నవో లేదో చూడండి. మీట నొక్కేముందు, మీరు ఎంచుకున్నది ఆ డ్రైవేనా అని పేరూ పరిమాణమూ మరోసారి చదవండి. పక్కన పెద్దవారుంటే మరీ మంచిది. పొరపాటున ఫార్మాటు జరిగిపోతే, అందులో కొత్తగా ఏమీ ఎక్కించక, తెలిసినవారికి చూపించండి. కొత్త సరుకు మీద పడనంతవరకు పాతది దొరికే అవకాశం కొంత ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట: ఇంట్లో విలువైన ఫోటోలు ఏవైనా ఒకే చోట ఉంచకండి.

ఇక మీకు లెక్క: సున్న, ఒకటి మాత్రమే పట్టే గళ్ళు నాలుగున్నాయి. వాటిలో రాయగల అతి పెద్ద సంఖ్య ఏది? కాగితం మీద వేసి చూడండి. జవాబు వచ్చే నెల!